ఒక్క వీధి నుంచి ఏడుగురు ఒలింపియన్లు... ఆ ఊళ్లో ఏముంది? తర్వాత ఏమైంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీ వీధి గుర్తు తెచ్చుకోండి. ఈ చివర నుంచి ఆ చివర వరకు ఎన్ని ఇళ్లుంటాయి? ముప్పై? యాభై? ఆ ఇళ్లలో నుంచి ఏడుగురు ఒకేసారి ఒలింపిక్స్‌కి వెళ్లారు అనుకోండి. నమ్మబుద్ధి కావట్లేదు కదా?

కానీ ఇది జరిగింది. 1968, మెక్సికో సిటీ ఒలింపిక్స్, హాకీ పోటీలు. మన భారత జట్టులో ఐదుగురు, కెన్యా జట్టులో ఇద్దరు. ఈ ఏడుగురి మూలాలూ ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఉన్నాయి. ఊరి పేరు సన్సార్‌పూర్. పంజాబ్‌లో జలంధర్ పక్కనే ఉంటుంది. వాళ్లలో చాలామంది ఇంటిపేరు కూడా ఒక్కటే, కులార్. ఆ ఒలింపిక్స్‌లో మన దేశానికి మొత్తంగా వచ్చింది ఒకే ఒక్క పతకం, హాకీలో కాంస్యం. అంటే ఇంత పెద్ద దేశానికి దక్కిన ఆ ఒక్క పతకంలో, ఆ ఒక్క వీధి పిల్లలే ఐదుగురు.

మొత్తంగా ఆ ఊరు నుంచి వచ్చిన ఒలింపియన్లు 14 మంది అని లెక్క చెబుతారు.

ఇది వినగానే మన నోట్లోంచి వచ్చే మాట ఏంటి? "అబ్బా, ఆ నీళ్లలోనే ఏదో ఉందిరా." లేకపోతే, "వాళ్ల రక్తంలోనే ఉంది." మనం అందరం ఇలాగే అంటాం. ఆ మాట అనేస్తే మనకి ఒక సుఖం ఉంది. వాళ్ల నీళ్లు వేరు, మన నీళ్లు వేరు. కాబట్టి మనం చేయాల్సింది ఏమీ లేదు. ఇక ఫోన్ తీసి రీల్స్ చూసుకోవచ్చు.

అసలు విషయం ఏంటంటే, సన్సార్‌పూర్ కథకి రెండో సగం ఉంది. ఆ రెండో సగం వింటే ఈ "రక్తం", "నీళ్లు" అనే మాట నిలబడదు. దాన్ని చివర్లో చెప్తాను. ముందు మొదటి సగం చూద్దాం.

సన్సార్‌పూర్‌కి ఆనుకుని జలంధర్ కంటోన్మెంట్ ఉంది. బ్రిటిష్ కాలంలో అక్కడ సైనికులు హాకీ ఆడేవాళ్లు. ఊరి కుర్రాళ్లు చూశారు, వాళ్లూ మొదలుపెట్టారు. 1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కి ఆ ఊరి నుంచి గుర్మీత్ సింగ్ వెళ్లారు, బంగారు పతకంతో వచ్చారు. ఆ తర్వాత తరంలో ఉధమ్ సింగ్. ఆయన లెక్క వినండి. 1952లో బంగారం, 1956లో బంగారం, 1960లో వెండి, 1964లో మళ్లీ బంగారం. నాలుగు ఒలింపిక్స్, నాలుగు పతకాలు.

ఇప్పుడు మీరు 1950ల్లో ఆ వీధిలో పుట్టిన పదేళ్ల పిల్లాడు అనుకోండి. ఒలింపిక్ బంగారం అంటే మీకు టీవీలో కనిపించే విషయం కాదు. అసలు టీవీయే లేదు! మీకు అది పక్కింటి అన్న. ఆయన పొద్దున లేస్తాడు, మీలాగే రొట్టె తింటాడు, వాళ్ల అమ్మ చేత తిట్లు తింటాడు, కర్ర పట్టుకుని మీరు ఆడే గ్రౌండ్‌కే వెళ్తాడు. సో మీ బుర్రలో ఏం పడుతుంది? "ఈయన వెళ్లాడంటే నేనూ వెళ్లొచ్చు." ఈ ఒక్క వాక్యం ఎంత ఖరీదైనదో చాలామందికి తెలీదు. మోటివేషన్ వీడియో వంద సార్లు చూసినా రాని నమ్మకం, పక్కింటి అన్నని రోజూ చూస్తే వస్తుంది.

ఓకే. ఇప్పుడు అదే 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఇంకో పక్కకి వెళ్దాం, రన్నింగ్ ట్రాక్ మీదికి. అక్కడ ఇంకో కథ మొదలవుతోంది. కెన్యా వాళ్లు ఆ గేమ్స్‌లో తొమ్మిది పతకాలు గెలిచారు. అందులో మూడు బంగారాలు, మూడూ పరుగులోనే. 1500 మీటర్లలో కిప్ కెయినో, 10,000 మీటర్లలో నఫ్తాలి తెము, స్టీపుల్‌చేజ్‌లో అమోస్ బివోట్. మెక్సికో సిటీ సముద్ర మట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి పలచన, మిగతా వాళ్లు ఆయాసపడ్డారు. ఎత్తైన ప్రాంతాల్లో పుట్టి పెరిగిన కెన్యా రన్నర్లకి అది అలవాటైన గాలి.

అందుకే చాలామంది, "ఎత్తులో పుట్టడమే వాళ్ల సీక్రెట్" అంటారు. కొంత నిజమే. కెన్యాలో ఇటెన్ అనే చిన్న పట్టణం ఉంది. దాని ఎత్తు సుమారు 2,400 మీటర్లు. మన అరకు సుమారు 900 మీటర్లు. అంటే అరకు కంటే రెండున్నర రెట్లు పైన. ఊళ్లోకి వెళ్తుంటే రోడ్డు మీద ఒక కమాను, దాని మీద "ఛాంపియన్ల ఊరికి స్వాగతం" అన్న అర్థం వచ్చే మాటలు ఉంటాయి. ఊరికే రాసుకున్నది కాదు, నిజంగానే ప్రపంచ ఛాంపియన్లు ఆ మట్టి రోడ్ల మీదే పరిగెత్తుతారు.

కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఎత్తు ఒక్కటే కారణమైతే ప్రపంచంలో ఎత్తైన ప్రాంతాలు ఎన్ని లేవు? లడఖ్ లేదా? నేపాల్ లేదా? బొలీవియా లేదా? అక్కడి నుంచి మారథాన్ ఛాంపియన్లు వరసగా ఎందుకు రావట్లేదు? కాబట్టి ఎత్తు ఉంటే మంచిదే, కానీ అది సరిపోదు. ఇటెన్‌లో ఎత్తుతో పాటు ఇంకేదో ఉంది.

ఏముంది? ఒక స్కూల్ ఉంది. సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్, మగపిల్లల బోర్డింగ్ స్కూల్. 1976లో ఐర్లండ్ నుంచి ఒక టీచర్ అక్కడికి వచ్చారు. పేరు బ్రదర్ కోమ్ ఓకానెల్. ఆయన వచ్చింది దేనికి? జాగ్రఫీ చెప్పడానికి! అథ్లెటిక్స్ కోచింగ్‌లో ఏ శిక్షణా తీసుకోలేదు. అప్పటికి స్కూల్లో పిల్లలకి పరుగు నేర్పిస్తున్న ఇంకో టీచర్‌కి సాయంగా చేరారు. ఆ టీచర్ వెళ్లిపోయాక బాధ్యత ఈయన మీద పడింది. కొద్ది కాలం కోసం వచ్చిన మనిషి దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయారు.

ఫలితం చూడండి. 1987లో న్యూయార్క్ మారథాన్, 1988లో బోస్టన్ మారథాన్ గెలిచిన ఇబ్రహీం హుస్సేన్ ఆ స్కూల్ విద్యార్థి. ఆ రెండు రేసులూ గెలిచిన మొదటి ఆఫ్రికన్ ఆయనే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 21 ఏళ్లకే 1500 మీటర్ల బంగారం కొట్టిన పీటర్ రోనో ఆ స్కూలే. తర్వాత అదే కోచ్ దగ్గర పెరిగిన డేవిడ్ రుడిషా, 2012 లండన్‌లో 800 మీటర్లు 1 నిమిషం 40.91 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. స్కూల్ ఆవరణలో ఛాంపియన్ల పేర్లతో చెట్లు నాటారు. కొత్తగా చేరిన పిల్లాడు క్లాసుకి వెళ్తూ ఆ చెట్ల పక్క నుంచే నడుస్తాడు. సన్సార్‌పూర్‌లో పక్కింటి అన్న ఏ పని చేశాడో, ఇక్కడ ఆ చెట్టు అదే పని చేస్తోంది.

ఇంకో విషయం నాకు చాలా నచ్చింది. ఇటెన్‌లో గురువారం పొద్దున ఒక పెద్ద గ్రూప్ రన్ జరుగుతుంది. కొన్ని నిమిషాలు గట్టిగా, కొన్ని నిమిషాలు మెల్లగా, అలా మార్చి మార్చి పరిగెత్తడం. వందమంది, ఒక్కోసారి రెండొందల మంది కూడా వస్తారు. అందులో ప్రపంచ స్థాయి రన్నర్ ఉంటాడు, నిన్న ఊరి నుంచి బస్సు దిగిన కుర్రాడు కూడా ఉంటాడు. ఫీజు లేదు, ఫారం లేదు, రికమండేషన్ లేదు. పరిగెత్తగలిగినంత సేపు వాళ్లతో పరిగెత్తు. ఆయాసం వస్తే వెనకపడతావు, అంతే. వచ్చే గురువారం మళ్లీ రా. కిందటి వారం పది నిమిషాలు వాళ్ల వెనక ఉన్నావు, ఈ వారం పన్నెండు నిమిషాలు ఉన్నావా? నువ్వు ఎదిగినట్టే. నీ ర్యాంక్ నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, నీ ముందున్న వీపు చెప్తుంది.

సాయంత్రం అందరూ కలిసే తింటారు. ఉగాలి అని, మొక్కజొన్న పిండితో చేసే ముద్ద. మన సంగటి ముద్ద లాంటిదే అనుకోండి. దాంతో ఆకుకూర. పాలు పోసి మరిగించిన టీ. ప్రోటీన్ షేక్ కొనే డబ్బుల్లేక ఆగిపోయాం అనేవాళ్లు ఒకసారి ఆ కంచం చూడాలి.

సరే, కెన్యా, పంజాబ్ అయిపోయాయి. "అన్నా, మన దగ్గర ఏమైనా ఉందా?" అని కామెంట్లలో అడిగేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు రండి.

2000వ సంవత్సరం, సెప్టెంబర్ 19, సిడ్నీ. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్, 69 కిలోల విభాగం. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. కరణం మల్లీశ్వరి. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ. బంగారు, వెండి పతకాలు గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. ఈమెకీ వాళ్లకీ తేడా రెండున్నర కిలోలు, అంతే.

ఆమె ఎక్కడి నుంచి వచ్చారు? శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టారు. మొదటి కోచ్ నీలంశెట్టి అప్పన్న గారు, అక్కడి స్థానిక కోచ్. ఆమె అక్కచెల్లెళ్లు కూడా బరువులు ఎత్తినవాళ్లే. గమనించారా? మళ్లీ అవే దినుసులు. ఊళ్లోనే ఉండే ఒక గురువు. ఇంట్లోనే, తనలాగే బరువు ఎత్తే ఇంకొకళ్లు. ఆడపిల్లకి బరువులెందుకు అని నలుగురూ అనే రోజుల్లో, "నువ్వు వెళ్లు" అని పంపిన తల్లి.

ఆ ప్రాంతంలో ఈ గాలి మల్లీశ్వరి గారితో మొదలవలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారి పేరు మీ తాతయ్యలని అడగండి, కథలు కథలుగా చెప్తారు. వ్యాయామశాల, బరువులు, బలం... ఇవి అక్కడ పాత మాటలే. ఈ రోజుకీ విజయనగరం దగ్గర కొండవెలగాడ అనే ఊరు వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు మోసింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో వెండి పతకం అందుకున్న మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. ముందు ఆమెకి వచ్చింది కాంస్యం, మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. అక్కడ బరువులు ఎత్తడం వెనక ఇంకో లెక్క కూడా ఉంది. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం, ఆర్మీ ఉద్యోగం. కూలి పని చేసే తండ్రి పిల్లల్ని జిమ్‌కి పంపుతున్నాడంటే, పతకం వస్తుందో రాదో కానీ, ఉద్యోగం వచ్చే దారి ఒకటి కనిపిస్తోంది కాబట్టి పంపుతున్నాడు. దీన్ని తక్కువ చేసి మాట్లాడకండి. ఇటెన్‌లో కూడా అంతే. రేసులో గెలిచిన డబ్బుతో పొలం కొంటారు, ఆవులు కొంటారు, తమ్ముళ్ల ఫీజు కడతారు. కల ఒక్కటే చాలదు, కడుపుకి కూడా దారి ఉండాలి.

ఇప్పుడు మూడు ఊళ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. భాష వేరు, తిండి వేరు, ఆట వేరు. కానీ నాలుగు విషయాలు మూడు చోట్లా కనిపిస్తాయి.

ఒకటి, అందరికీ తెరిచి ఉన్న చోటు. గ్రౌండ్ కావచ్చు, మట్టి రోడ్డు కావచ్చు, షెడ్డులో నాలుగు ఇనుప ముక్కలు కావచ్చు.

రెండు, నీ కంటే ఒక మెట్టు పైన ఉన్న మనిషి, రోజూ కంటికి కనిపించే దూరంలో. పది మెట్లు పైన ఉన్న సెలబ్రిటీ అయితే దండం పెట్టి ఊరుకుంటాం. ఒక్క మెట్టు పైన ఉన్నవాడిని చూస్తే, "వీడిని ఈ నెలలో దాటేయాలి" అనిపిస్తుంది.

మూడు, వదిలి వెళ్లిపోని ఒక పెద్ద మనిషి. గొప్ప డిగ్రీలు ఉండక్కర్లేదు, జాగ్రఫీ టీచర్ అయినా పర్లేదు. కానీ రేపు పొద్దున కూడా వస్తాడు అని పిల్లలకి నమ్మకం ఉండాలి.

నాలుగు, గెలవకపోయినా బతకడానికి ఒక దారి.

ఈ నాలుగూ ఒక గొలుసు లాంటివి. ఒక తరం చేతిలోంచి ఇంకో తరం చేతిలోకి వెళ్తుంది. టాలెంట్ ఆ పిల్లాడి ఒంట్లో కొంత ఉంటుంది, కాదనను. అందరూ రుడిషాలు అవ్వలేరు. కానీ ఆ టాలెంట్ ఉన్న పిల్లాడు ప్రతి ఊళ్లోనూ పుడతాడు. గొలుసు ఉన్న ఊళ్లో దొరుకుతాడు, లేని ఊళ్లో ఎవరికీ తెలియకుండానే పెద్దవాడైపోతాడు.

దీనికి రుజువు ఏంటి అంటారా? సన్సార్‌పూర్ కథ రెండో సగం చెప్తానన్నాను కదా, ఇప్పుడు వినండి.

1975లో మన దేశం హాకీ ప్రపంచ కప్ గెలిచింది. కౌలాలంపూర్‌లో ఫైనల్, పాకిస్తాన్ మీద 2-1. కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్, సన్సార్‌పూర్ కుర్రాడే. ఊరికి అంతకంటే పెద్ద రోజు ఇంకేముంటుంది? సరిగ్గా మరుసటి సంవత్సరం, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్. మళ్లీ అజిత్‌పాలే కెప్టెన్. కానీ ఈసారి కాళ్ల కింద గడ్డి లేదు. ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ మైదానం, ఆస్ట్రోటర్ఫ్ మీద ఆడించారు. మన జట్టు ఏడో స్థానంలో నిలిచింది. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ హాకీలో పతకం తెచ్చిన దేశం మొదటిసారి ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

అక్కడి నుంచి ఆట మారిపోయింది. టర్ఫ్ మీద బంతి వేగం వేరు, అడుగు వేరు, ఊపిరి వేరు. టర్ఫ్ వేయడానికి చాలా డబ్బు కావాలి, దాన్ని తడపడానికి నీళ్లు కావాలి. ఊరి గడ్డి గ్రౌండ్‌లో పెరిగిన పిల్లాడు సెలెక్షన్‌కి వెళ్తే, జీవితంలో మొదటిసారి టర్ఫ్ మీద కాలు పెట్టడం అక్కడే. మరోపక్క ఊరి జనం విదేశాలకి వలస వెళ్లిపోవడం కూడా పెరిగింది. 1976 తర్వాత భారత జట్టు తరఫున ఒలింపిక్స్ ఆడిన సన్సార్‌పూర్ కుర్రాడి పేరు కోసం వెతకండి. దొరకదు.

ఇప్పుడు చెప్పండి. రక్తం మారిందా? అవే కుటుంబాలు. నీళ్లు మారాయా? అదే ఊరు. ఆ ఊరి మూలాలున్న వాళ్లు కెనడా జట్టులో కూడా ఆడారు, అంటే రక్తానికి ఏమీ కాలేదు. మరి ఏం తెగింది? గొలుసులో ఒక్క లింకు. అందరికీ తెరిచి ఉన్న చోటు అన్నాను చూడండి, అది. గ్రౌండ్ అక్కడే ఉంది, కానీ ఆట అక్కడి నుంచి వెళ్లిపోయింది. పక్కింటి అన్నలు ముసలివాళ్లయ్యారు. వాళ్ల తర్వాత వీధిలో కొత్త అన్న రాలేదు. పిల్లలకి 14 మంది పేర్లు నోటికి వచ్చు, కానీ అవి తాతల పేర్లు.

అదే సమయంలో పక్క రాష్ట్రం హర్యానాలో, కురుక్షేత్ర జిల్లా షాహాబాద్ మార్కండా అనే చిన్న పట్టణంలో ఇంకో గొలుసు మొదలైంది. కోచ్ బల్దేవ్ సింగ్, చాలా కఠినమైన మనిషి. ఆయన దగ్గర నుంచి అమ్మాయిలు వరసగా భారత జట్టులోకి వచ్చారు. అందులో ఒకరు రాణి రాంపాల్. తండ్రి బండి లాగి బతికేవారు. ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్లు రోజూ అర లీటరు పాలు తెచ్చుకోవాలి అని అక్కడ రూల్. ఇంట్లో 200 మిల్లీలీటర్లకే డబ్బులున్నాయి. ఎవరికీ తెలియకుండా అందులో నీళ్లు కలిపి తాగేదాన్ని అని రాణి తనే చెప్పింది. ఆ అమ్మాయి పదిహేనేళ్లకి ప్రపంచ కప్ ఆడింది. టోక్యో ఒలింపిక్స్‌లో భారత మహిళల జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లినప్పుడు కెప్టెన్ ఆమే. ఒక ఊళ్లో గొలుసు తెగింది, ఇంకో ఊళ్లో కొత్తది అల్లారు. రెండూ మనుషులు చేసిన పనులే.

అయితే ఫ్రెండ్స్, ఇక్కడితో ఆపేస్తే నేను మీకు సగం నిజమే చెప్పినట్టు. ఇలాంటి ఊళ్లకి ఇంకో ముఖం ఉంది.

ఒలింపిక్స్‌లో ఒక పరుగు పందేనికి ఒక దేశం నుంచి గరిష్ఠంగా ముగ్గురే వెళ్లగలరు. గురువారం పొద్దున పరిగెత్తేది రెండొందల మంది. మిగతా నూట తొంభై ఏడు మంది సంగతేంటి? కొంతమంది విదేశాల్లో చిన్న రేసులు పరిగెత్తి బతుకుతారు. కొంతమంది ఇరవై ఎనిమిదేళ్లకి, చదువు మధ్యలో ఆపేసి, మోకాలు నొప్పితో ఇంటికి వెళ్లిపోతారు. వాళ్ల మీద ఎవరూ వీడియోలు తీయరు. పోటీ అంతగా బిగుసుకున్న చోట అడ్డదారులు కూడా పుడతాయి. కెన్యాలో డోపింగ్ కేసులు ఎంతగా పెరిగాయంటే, 2022లో దేశం మొత్తాన్ని అంతర్జాతీయ పోటీల నుంచి నిషేధించే దాకా వచ్చింది. అప్పుడు ప్రభుత్వం ఏడాదికి 50 లక్షల డాలర్ల చొప్పున ఐదేళ్లు ఖర్చు పెట్టి డోపింగ్‌ని అడ్డుకుంటామని హామీ ఇచ్చింది.

ఇంకొకటి చెప్పడానికే బాధగా ఉంటుంది. ఏగ్నెస్ తిరోప్. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 10,000 మీటర్లలో రెండుసార్లు కాంస్యం గెలిచిన అమ్మాయి. 2021 సెప్టెంబర్‌లో, కేవలం మహిళలు పాల్గొనే 10 కిలోమీటర్ల రేసులో ప్రపంచ రికార్డు పెట్టింది. నెల తిరగగానే ఇటెన్‌లో తన ఇంట్లోనే హత్యకి గురైంది. వయసు పాతికేళ్లు. భర్త మీద కేసు నమోదైంది. ఆమె పోయాక అక్కడి మహిళా రన్నర్లు నోరు విప్పడం మొదలుపెట్టారు. మేం సంపాదించిన డబ్బు మా చేతికి రాదు, భర్తో కోచో తీసేసుకుంటారు అని. ఊరంతా ఆ అమ్మాయిల కాళ్లకి చప్పట్లు కొట్టింది, కానీ వాళ్ల భద్రత సంగతి చూడలేదు. అందుకే చెప్తున్నా. పిల్లల్లో టాలెంట్ పెంచే ఊరు, ఆ పిల్లల్ని కాపాడే ఊరు కూడా అవ్వాలి. గెలిచినప్పుడు ఊరేగించడం తేలిక. ఓడినప్పుడు చదువు, ఉద్యోగం, పలకరించే మనిషి ఉన్నారా అన్నదే అసలు పరీక్ష.

ఇటెన్‌లోనే దీనికి ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. లోర్నా కిప్లగట్ అనే రన్నర్ తన సంపాదనతో 2000 ప్రాంతంలో అక్కడ ఒక ట్రైనింగ్ సెంటర్ పెట్టింది. ఎందుకంటే అమ్మాయిలు ఇంటి పనులకి దూరంగా, ప్రశాంతంగా ప్రాక్టీస్ చేసుకునే చోటే లేదు. తను దాటిన మెట్టు మీద ఇంకొకరు సులువుగా నిలబడాలి అనుకుంది. గొలుసు అంటే ఇదే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది వయసు 18 నుంచి 25. మీకు ఒక అనుమానం ఉండొచ్చు. "అన్నా, మాకు వయసు దాటిపోయింది. ఇప్పుడు మేం ఛాంపియన్లు ఎలా అవుతాం?" అవ్వకపోవచ్చు. పర్లేదు. ఈ కథల్లో ఛాంపియన్ పాత్ర ఒక్కటే కాదు, ఇంకా చాలా పాత్రలున్నాయి. జాగ్రఫీ టీచర్ ఉన్నాడు. ఒక మెట్టు పైన ఉన్న అక్క ఉంది. ఈ పాత్రలకి వయసు దాటిపోలేదు, ఇప్పుడే వచ్చింది.

ఆటే అవ్వాలని కూడా లేదు. మీకు కోడింగ్ వచ్చా? డప్పు వచ్చా? చెస్ వచ్చా? ఇంగ్లీష్ ధైర్యంగా మాట్లాడటం వచ్చా? మీ వీధిలో మీ కంటే ఐదేళ్లు చిన్నవాళ్లు ముగ్గురు దొరుకుతారు. వారంలో ఒక రోజు, ఒకే టైం, ఒకే చోటు. గుడి అరుగు అయినా సరే, స్కూల్ వరండా అయినా సరే, మేడ మీద అయినా సరే. ఫీజు వద్దు, సెలెక్షన్ వద్దు, ఎవరొచ్చినా కూర్చోనివ్వండి. ఆ ముగ్గురిలో ఒకడికి బాగా వచ్చాక, వాడి చేత ఇంకో ఇద్దరికి నేర్పించండి. అప్పుడు మీరు వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్లిపోయినా అది ఆగదు. బ్రదర్ కోమ్ కూడా అక్కడ చేరింది ఇంకొకరికి సాయంగానే, ఆ ముందు మనిషి వెళ్లిపోయాకే బాధ్యత చేతికి వచ్చింది. గుర్తుంది కదా?

మొదటి వారం ముగ్గురు వస్తారు. మూడో వారం ఒక్కడే వస్తాడు. నిజం చెప్తున్నా, అలాగే అవుతుంది. ఆ ఒక్కడి కోసం నాలుగో వారం మీరు వెళ్తారా లేదా? అంతా అక్కడే తేలుతుంది. నాలుగో వారం మీరు రాకపోతే వాడు ఇక ఎవరినీ నమ్మడు. వస్తే మాత్రం, వాడి లెక్కలో ఆ వీధిలో ఒక మనిషి ఉన్నట్టు.

కింద కామెంట్లలో మీ ఊరి పేరు రాయండి. మీ ఊళ్లో ఒక విద్యకో, ఒక ఆటకో, ఒక కళకో పేరుందా? అది ఇంకా నడుస్తోందా, లేక తాతల కాలంతో ఆగిపోయిందా? ఆగిపోతే ఏ లింకు తెగింది? మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి మరీ రాయండి. మంచి కథలు వస్తే వాటి మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. మీ వీధిలో ఆ "నాలుగో వారం మనిషి" అవ్వగలడు అనిపించే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ఈ వీడియో వాళ్లకి పంపండి.

అప్పటిదాకా జాగ్రత్తగా ఉండండి. నమస్తే.